ఎడారిలో చలికాలపు రాత్రి ఫొటోలు: గంట దాటితే చుక్కలు మసకబారుతున్నాయి, లెన్సు పోయిందా?

ఇసుకతిన్నె
దిబ్బల మీద ఓరియన్ (వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపు) లేచే సమయంలో తీస్తున్నా. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్, 24 మెగాపిక్సెల్. 20 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సుని ఎఫ్ 2 దగ్గర పెట్టి, 20 సెకన్లు, ఐఎస్‌ఓ 3200. మొదటి గంట ఫ్రేములు బాగుంటాయి. ఆ తర్వాత చుక్కలు మెల్లగా ఉబ్బుతాయి, ఆకాశం నలుపు తగ్గి పాలిపోతుంది. రెండో గంటకి కృత్తికలు ఒక్క మరకలా కలిసిపోతాయి. మబ్బు లేదు, పొగమంచు లేదు. ఎడారి కాబట్టి తేమ అనే మాటే రాదు. ఫోకస్ రింగుకి టేపు కూడా వేసే ఉంది. లెన్సు లోపల ఏదైనా వదులైందంటారా? సర్వీసుకి ఇచ్చేయాలా?

ఇంకో గోల, దిబ్బలు ఎప్పుడూ నల్ల ముద్దలాగే వస్తున్నాయి. దీనికీ మందు చెప్పండి.

ముక్కాలిపీట
తేమ అనే మాట రాదని మీరు అనుకున్నారు, లెన్సు అనుకోలేదు. సర్వీసు వద్దు. ముందు అద్దం మీద టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి.

పాతలెన్సు
తొందరపడకండి. అది ఫోకస్ జరగడం కూడా కావచ్చు. పగటికీ రాత్రికీ 20 డిగ్రీలు తేడా ఉంటే లెన్సు గొట్టం ముడుచుకుంటుంది. సాయంత్రం వెచ్చగా ఉండగా కుదిర్చిన ఫోకస్ రాత్రి పదికి నిలబడదు. టేపు రింగుని ఆపుతుంది గానీ లోహం ముడుచుకోవడాన్ని ఆపదు కదా.

లుబ్ధకం
రెండింటికీ లక్షణాలు వేరు. ఒకే ప్రాంతం 100 శాతానికి పెద్దది చేసి చూడండి.

ఫోకస్ జరిగితే ప్రతి చుక్కా చిన్న బిళ్ల అవుతుంది. అంచున గులాబీయో ఆకుపచ్చో రంగు పడుతుంది, కానీ చుక్కకీ చుక్కకీ మధ్య ఆకాశం నల్లగానే ఉంటుంది. అద్దం మీద మంచు పడితే చుక్క నడిమి ఇంకా సూదిమొనలానే ఉండి, చుట్టూ మెత్తటి వెలుగు వలయం పెరుగుతుంది. పెద్ద చుక్కలకి ఎక్కువ, చిన్నవి ముందుగా మాయం. ఆకాశం మొత్తం పాలిపోతుంది. మీరు "పాలిపోతుంది" అని రాశారు కాబట్టి నా ఓటు మంచుకే.

మూడో రకం కూడా ఒకటుంది. ఒక ఫ్రేము బాగుండి దాని పక్క ఫ్రేము హఠాత్తుగా చెడితే అది రెండూ కాదు. చాలా మిర్రర్‌లెస్ లెన్సుల్లో ఫోకస్ రింగుకి లోపలి అద్దాలతో నేరుగా సంబంధం ఉండదు, మోటారు తిప్పుతుంది. కెమెరా నిద్రలోకి వెళ్లినా, బ్యాటరీ మార్చినా కొన్ని మోడళ్లలో ఫోకస్ మొదటికొస్తుంది. వాటికి టేపు వేయడం ఉత్త అలంకారం. ఆటో పవర్ ఆఫ్ తీసేయండి, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ఫోకస్ మళ్లీ చూసుకోండి.

ఇసుకతిన్నె
@లుబ్ధకం చూశా. నడిమి సన్నగానే ఉంది, చుట్టూ వలయం. మెల్లగానే పెరిగింది. కానీ ఒప్పుకోబుద్ధి కావట్లేదు. పగలు తేమ 25 శాతమే ఉంది, ఫోన్లో చూశా.

అమావాస్య
25 శాతం అన్నది పగటి లెక్క. గాలిలో ఉన్న నీటి ఆవిరి మారకపోయినా గాలి చల్లబడితే శాతం పెరుగుతుంది. పగలు 24 డిగ్రీల దగ్గర 25 శాతం ఉన్న గాలికి డ్యూ పాయింట్ (ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 3 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అదే గాలి అర్ధరాత్రి 4 డిగ్రీలకి దిగితే తేమ 93 శాతం. కొత్తగా ఒక్క చుక్క నీరు ఎక్కడినుంచీ రానక్కర్లేదు.

పైగా మీ ముందు అద్దం గాలి కన్నా చల్లగా ఉంటుంది. నిర్మలమైన ఆకాశంలోకి అది తన వేడిని నేరుగా వదిలేస్తుంటుంది, పైనుంచి తిరిగొచ్చేది తక్కువ. గాలి 4 దగ్గరున్నా అద్దం 2కో 1కో పడిపోతుంది. అంటే డ్యూ పాయింట్ కిందికి దిగినట్టే. ఎడారి ఆకాశం ఎంత స్వచ్ఛమైతే ఈ చల్లబడటం అంత ఎక్కువ. సున్నా దిగితే నీటి బొట్లు కూడా కాదు, నేరుగా గడ్డకట్టిన పొర.

కాబట్టి బయల్దేరే ముందు తేమ శాతం చూడకండి, డ్యూ పాయింట్ చూడండి. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతకీ దానికీ మధ్య 4, 5 డిగ్రీల ఎడం లేకపోతే హీటర్ తప్పనిసరి అనుకోవాలి.

షట్టర్‌సుబ్బు
గుడ్డతో తుడిస్తే పోదా? 😄

ముక్కాలిపీట
పోతుంది సుబ్బూ, లెన్సు కోటింగ్‌తో సహా. గాలిలో సన్నటి ఇసుక ఎగిరే చోట తడి అద్దాన్ని తుడవడమంటే ఉప్పుకాగితం వేసి రుద్దడమే. తుడిచినా అద్దం ఇంకా చల్లగానే ఉంది కాబట్టి అయిదు నిమిషాల్లో మళ్లీ పడుతుంది.

అమావాస్య
పరిష్కారం డ్యూ హీటర్ పట్టీ. లెన్సు చుట్టూ చుట్టి వెల్క్రోతో అంటించేది, 5 వోల్టుల యూఎస్‌బీతో నడిచేది. అద్దాన్ని కాల్చనక్కర్లేదు, చుట్టూ గాలి కన్నా రెండు మూడు డిగ్రీలు పైన ఉంచితే చాలు.

కట్టే చోటు ముఖ్యం. ముందు అద్దానికి వీలైనంత దగ్గరగా, హుడ్ కింద. ఫోకస్ రింగు మీద కడితే పట్టీ బిగించేటప్పుడే రింగు కదులుతుంది. వేడి అంచు నుంచి నడిమికి పాకాలి, అందుకే మంచు పడ్డాక వెలిగిస్తే చాలాసేపు పడుతుంది. చీకటి పడగానే ఆన్ చేసి, 15, 20 నిమిషాలు లెన్సు నిలదొక్కుకున్నాక అప్పుడు ఫోకస్ పెట్టండి. పట్టీ వేడికి కూడా ఫోకస్ కొంచెం జరుగుతుంది. @పాతలెన్సు చెప్పింది అక్కడ నూటికి నూరుపాళ్లు నిజం.

కరెంటు లెక్క: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో పేరుకి 37 వాట్ అవర్లు, చేతికొచ్చేది 30 అనుకోండి. 10 వాట్లు తాగే పట్టీ మూడు గంటలకి ఖాళీ చేస్తుంది. సగానికి తగ్గిస్తే ఆరు గంటలు. చలికి ఇంకా తగ్గుతుంది. రాత్రంతా అయితే 20,000ది పెట్టి మధ్యస్థంగా నడపండి.

రాత్రిపక్షి
పవర్ బ్యాంకుని ట్రైపాడ్‌కి బయట వేలాడదీస్తారు కొందరు, అది తొందరగా చస్తుంది. సంచిలో, దళసరి గుడ్డ చుట్టి పెట్టండి. కెమెరా బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో. చలిలో "అయిపోయింది" అని చూపించిన బ్యాటరీ వెచ్చబడితే కొంత తిరిగొస్తుంది, పారేసుకోవద్దు.

షట్టర్‌సుబ్బు
చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు ఉంటాయి కదా, అవి సాక్సులో పెట్టి లెన్సుకి రబ్బరు బ్యాండుతో కడితే?

అమావాస్య
ఆపద్ధర్మానికి పనికొస్తుంది. లోపలున్న ఇనుప పొడికి గాలి తగిలితేనే వేడి పుడుతుంది, మరీ బిగించి కప్పేస్తే చల్లారుతుంది. రెండు ప్యాకెట్లు, ఎదురెదురుగా. ఒక్కటే కడితే ఒక పక్కే వెచ్చబడుతుంది. రాత్రంతా టైమ్‌లాప్స్‌కి మాత్రం నమ్మను.

దిబ్బదిగువ
ఎవరూ అనలేదు గానీ, ట్రైపాడ్ ఎక్కడ పెట్టారన్నది సగం సంగతి. చల్లటి గాలి బరువెక్కి దిబ్బల మధ్య పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. పల్లంలో నిలబడితే మంచు తొందరగా పడుతుంది. దిబ్బ భుజం మీదికి, కాస్త గాలి కదిలే చోటికి ఎక్కితే అదే రాత్రి, అదే కెమెరా, పొడిగా ఉంటుంది.

పాతలెన్సు
గాలి కదిలే చోట ఇసుక కూడా కదులుతుంది మరి. శిఖరం అంచున నేలకి ఒక అడుగు ఎత్తులో ఇసుక పారుతూ ఉంటుంది. కెమెరాని నేల బారున పెట్టే ముచ్చట ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

దిబ్బదిగువ
అందుకే భుజం అన్నా, శిఖరం అనలేదు 🙂 గాలి తాకే వాలులో, శిఖరానికి కొంచెం కింద. లెన్సు మార్చడం మాత్రం కారు లోపలే, అద్దాలు మూసి.

లుబ్ధకం
మంచు గొడవ తేలింది కాబట్టి ఇసుకతిన్నె గారి సెట్టింగు మీద ఒక మాట. 20 ఎంఎంకి 20 సెకన్లు ఎక్కువ. మీ మొదటి గంట ఫ్రేములు "బాగుంటాయి" అన్నారు, వాటిని కూడా పెద్దవి చేసి చూడండి, ఓరియన్ నడుము చుక్కలు చిన్న గీతలై ఉంటాయి.

షట్టర్‌సుబ్బు
చుక్కలు గీతలు కాకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో చెప్పే 500 సూత్రం ప్రకారం 500ని 20తో భాగిస్తే 25 సెకన్లు కదా, 20 లోపలే ఉంది?

లుబ్ధకం
500 సూత్రం ఫిల్ము కాలం నాటి మొరటు లెక్క. పిక్సెల్ ఎంత చిన్నదో దానికి తెలియదు. ఎన్‌పీఎఫ్ లెక్క వాడండి: ఎఫ్ సంఖ్యని 35తో, పిక్సెల్ సైజుని (మైక్రాన్లలో) 30తో గుణించి, రెండూ కలిపి, ఫోకల్ లెంగ్తుతో భాగించాలి. ఫుల్ ఫ్రేమ్ 24 మెగాపిక్సెల్‌కి పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు. అంటే 70, 180 కలిపి 250, దాన్ని 20తో భాగిస్తే 12.5 సెకన్లు.

చలికాలంలో ఇది మరీ పట్టించుకోవాలి. ఓరియన్ నడుము దాదాపు ఖగోళ మధ్యరేఖ మీదే ఉంది, అక్కడ చుక్కల పరుగు అన్నిటికన్నా వేగం: సెకనుకి 15 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). 20 ఎంఎం, 6 మైక్రాన్ల దగ్గర ఒక పిక్సెల్ అంటే 62 ఆర్క్ సెకన్లు. 12.5 సెకన్లలో 3 పిక్సెళ్లు జరుగుతుంది, 25 సెకన్లలో 6. ధ్రువనక్షత్రం వైపు తిరిగితే 25 కూడా పెట్టుకోవచ్చు, ఓరియన్‌కి కుదరదు.

రాత్రిపక్షి
ఫోన్లో చూడ్డానికి, ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి 20 సెకన్లకి ఏం కాదండీ. గోడంత ప్రింటు వేసుకునేవాళ్ల గొడవ ఇది.

లుబ్ధకం
చిన్నగా చూసినా ఇంకో నష్టం ఉంది. వెలుగు మూడు పిక్సెళ్ల మీద పడటానికి బదులు ఆరు మీద పరుచుకుంటే సన్న చుక్కలకి రెట్టింపు సమయం ఇచ్చినా లాభం ఉండదు, నేపథ్యం మాత్రం రెట్టింపు తెల్లబడుతుంది.

రాత్రిపక్షి
ఇది ఒప్పుకుంటా.

కృత్తిక_6
12 సెకన్ల ఫ్రేములు 16 తీసి సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చితే గరుకుదనం (నాయిస్) నాలుగో వంతుకి తగ్గుతుంది (16కి వర్గమూలం 4). విండోస్‌లో సీక్వేటర్ ఉచితం, మాక్‌లో స్టారీ ల్యాండ్‌స్కేప్ స్టాకర్. రెండూ నేలని విడిగా, ఆకాశాన్ని విడిగా పేరుస్తాయి. ఆకాశం హద్దు గీసేటప్పుడు దిబ్బ అంచు మీదుగా నెమ్మదిగా పోండి. అక్కడ అశ్రద్ధ చేస్తే దిబ్బ చుట్టూ తెల్లటి కాంతిరేఖ మిగిలిపోతుంది, సవరించినకొద్దీ ఎబ్బెట్టుగా తయారవుతుంది.

తీసేటప్పుడు: ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 1 సెకను, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆఫ్, స్టెబిలైజేషన్ ఆఫ్. చివర్లో లెన్సు మూత పెట్టి అవే సెట్టింగులతో డార్క్ ఫ్రేములు (సెన్సరు సొంత గరుకుని తీసేయడానికి వాడే నల్ల ఫ్రేములు) ఒక 10, 15. ఇంటికొచ్చాక గదిలో తీస్తే పనికిరావు, సెన్సరు అదే చలిలో ఉండాలి. చలికాలం ఇచ్చే మేలు ఇదొక్కటే, సెన్సరు సొంత వేడి గరుకు ప్రతి 6, 7 డిగ్రీలకీ దాదాపు సగం తగ్గుతుంది.

ఇసుకతిన్నె
12 సెకన్లకి తగ్గిస్తే దిబ్బలు ఇంకా నల్లబడవా? అసలే కాటుక.

దిబ్బదిగువ
ఒకే ఫ్రేములో రెండూ కావాలంటే చంద్రుడు ఉండాలి, లేదా రెండు ఫ్రేములు తీయాలి. మూడో దారి లేదు.

చంద్రుడితో అయితే: అమావాస్య తర్వాత నాలుగు నుంచి ఆరు రోజుల చంద్రుడు. నాలుగో నాటిది పొద్దుగూకాక మూడు గంటలకి పైగా ఉంటుంది, ఆ తర్వాత రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తుంది. చంద్రుడు పడమట కిందికి దిగుతున్నప్పుడు ఇసుక మీది అలల గీతల్లో నీడలు లేస్తాయి. ఆ వెలుగులో నేల తీసుకుని, ట్రైపాడ్ కదపకుండా కూర్చుని, చంద్రుడు పోయాక ఆకాశం తీసుకోవడం.

పున్నమి వద్దు. అష్టమి నాటి సగం చంద్రుడు పున్నమి వెలుగులో సగం ఇస్తాడనుకుంటారు, ఇచ్చేది పదో వంతు లోపే. అయినా దిబ్బలకి ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 1600, 25–30 సెకన్లు సరిపోతుంది. పైగా ఉత్తరార్ధగోళంలో చలికాలపు పున్నమి చంద్రుడు నడినెత్తిన దగ్గరగా పోతాడు, దిబ్బలు అప్పడాల్లా చదునైపోతాయి.

పాతలెన్సు
ఒక చిక్కు. ఓరియన్ లేచేది తూర్పున, మీ చంద్రుడు పడమట. అంటే వెలుగు సరిగ్గా ఫొటో తీసేవాడి వీపు వెనక నుంచి. ముందు నుంచి ఫ్లాష్ కొట్టినట్టు నీడలన్నీ దిబ్బ వెనక్కి పోతాయి. అలల గీతలు ఎలా లేస్తాయి?

దిబ్బదిగువ
డిసెంబరులో అయితే మీరన్నదే నిజం. అందుకే జనవరి ద్వితీయార్ధం మేలు. అప్పటికి రాత్రి 9, 10 గంటలకి ఓరియన్ దక్షిణానికి వచ్చేస్తుంది, కెమెరా దక్షిణానికి తిప్పితే పడమటి చంద్రుడు కుడి పక్కన ఉంటాడు. పక్క వెలుగు. అలల గీతలు ఉత్తర దక్షిణాలుగా ఉన్న వాలు వెతుక్కోవాలి, పగటిపూటే.

అమావాస్య
దక్షిణానికి వచ్చేసరికి ఓరియన్ చాలా ఎత్తులో ఉంటుంది, అదీ చెప్పండి. 27 డిగ్రీల అక్షాంశం దగ్గర నడుము చుక్కలు 62 డిగ్రీల ఎత్తుకి పోతాయి. 20 ఎంఎం నిలువుగా పెడితే 84 డిగ్రీలు పడుతుంది, అందులో ఇసుకకి మిగిలేది కింద కొంచెం. 24 ఎంఎం నిలువుకి 74 డిగ్రీలు, నేల కనబడితే ఓరియన్ భుజాలు తెగుతాయి. 35 ఎంఎంతో అసలు కుదరదు.

లేచిన రెండు గంటలకైతే నడుము 26 డిగ్రీల ఎత్తున, తూర్పు నుంచి కొంచెం దక్షిణంగా ఉంటుంది. 35 ఎంఎంకి కూడా దిబ్బతో కలిపి ఇముడుతుంది, ఓరియన్ పెద్దగా కనిపిస్తుంది. మూడు గంటలకి 39 డిగ్రీలు. డిసెంబరు మధ్యలో పొద్దుగూకే వేళకి లేస్తుంది, అర్ధరాత్రికి నడినెత్తి దారిలో. నెలకి రెండు గంటలు ముందుకి జరుగుతుంది కాబట్టి జనవరి మధ్యలో పదికి, ఫిబ్రవరి మధ్యలో ఎనిమిదికే దక్షిణాన. ఫిబ్రవరిలో తూర్పు ఫ్రేము దొరకదు, కానీ అర్ధరాత్రి పడమట దిగుతూ దొరుకుతుంది. లేచేటప్పుడు నడుము మూడు చుక్కలు దాదాపు నిలువుగా, దిగేటప్పుడు అడ్డంగా. దిబ్బ అంచు గీతకి ఏది నప్పుతుందో చూసుకోండి.

కృత్తిక_6
నిలువు పనోరమా తీయొచ్చుగా. 35 ఎంఎం అడ్డంగా పెట్టి, కింద నుంచి పైకి మూడు వరుసలు, ఒకదాని మీదికి ఇంకొకటి మూడో వంతు ఎక్కేలా. ఎత్తు సమస్య పోతుంది.

అమావాస్య
తీయొచ్చు. కింది వరుసతో మొదలుపెట్టి చకచకా పైకి పోవాలి. మధ్యలో ఆగి స్క్రీను చూసుకుంటూ కూర్చుంటే చుక్కలు జరిగిపోయి అతుకు దగ్గర రెండేసి కనిపిస్తాయి.

ముక్కాలిపీట
చంద్రుడు లేని రాత్రి దిబ్బలకి రెండో ఫ్రేము ఎలా అన్నది ఎవరూ రాయలేదు. ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 1600, 4 నిమిషాలు. ఇది మీ 12 సెకన్ల, ఎఫ్ 2, ఐఎస్‌ఓ 3200 ఫ్రేము కన్నా 5 రెట్లు వెలుగు. చుక్కలు గీతలవుతాయి, కానివ్వండి, ఆ ఫ్రేములో నేలే వాడతాం. దీనికి మాత్రం నాయిస్ రిడక్షన్ ఆన్ పెట్టొచ్చు.

ఫోకస్ కూడా వేరే. 20 ఎంఎం ఎఫ్ 2 దగ్గర చుక్కల మీద ఫోకస్ పెడితే 6, 7 మీటర్ల అవతల నుంచే స్ఫుటంగా ఉంటుంది. ముందు ఇసుక అలలు రెండు మీటర్ల దూరంలో ఉంటే మసకే. నేల ఫ్రేముకి ఎఫ్ 5.6 పెట్టి రెండున్నర మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, మీటరుంపావు నుంచి దూరం దాకా అందుతుంది. నాలుగు నిమిషాలు పదహారవుతాయి, అంతే. చంద్రుడుంటే అంత పట్టదు.

పాతలెన్సు
ఇన్ని ఫ్రేములు అతికించాక అది ఫొటోనా, బొమ్మల కొలువా? ఒక్క ఎక్స్‌పోజర్‌లో వచ్చిందే ఫొటో అంటాన్నేను.

కృత్తిక_6
అదే చోట, అదే దిక్కున, అదే రాత్రి తీసిన రెండు ఎక్స్‌పోజర్లు కలిపితే అబద్ధం ఏముంది? ఉత్తరం వైపు దిబ్బ మీద దక్షిణం ఆకాశం అతికిస్తే అది వేరే కథ.

పాతలెన్సు
అతికించానని కింద రాస్తే నాకు పేచీ లేదు. రాయరే.

రాత్రిపక్షి
ఈ తగువు ప్రతి చర్చలోనూ వస్తుంది, పక్కన పెట్టండి. రెండు ఫ్రేములు కలవాలంటే మధ్యలో ట్రైపాడ్ దిగకూడదు కదా. ఇసుకలో దిగుతుంది. అరగంటలో ఒక మిల్లీమీటరు ఒక కాలు కుంగినా క్షితిజం వంగుతుంది.

ముక్కాలిపీట
నా పేరు పిలిచినట్టే ఉంది 😄

కాళ్ల కింద అరచేతి వెడల్పు చెక్క ముక్కలో ప్లాస్టిక్ బిళ్లలో పెట్టండి. లేదంటే కాళ్లని ఇసుకలోకి గట్టిగా నొక్కి, తడి ఇసుక తగిలేదాకా దింపండి. పైపొర వదులుగా ఉన్నా నాలుగు వేళ్ల లోతులో గట్టిగా ఉంటుంది. మధ్య కంబం ఎత్తొద్దు. బరువు సంచి వేలాడదీస్తే అది నేలకి సగం ఆనాలి, గాలికి ఊగితే బరువు కట్టిన ప్రయోజనం పోయి ఊపు కట్టినట్టవుతుంది.

కాళ్లు తెరిచేటప్పుడు అందరూ పైనున్న లావు గొట్టం ముందు తెరుస్తారు. ఇసుకలో తిరగేయండి, అన్నిటికన్నా కింది సన్న గొట్టాన్ని ముందు ఒక జానెడు తెరవండి. అప్పుడు తిప్పి బిగించే లాకు ఇసుక పైన ఉంటుంది. లాకులోకి ఇసుక పోయిందంటే కరకరలాడుతుంది, బలవంతంగా తిప్పితే మర అరుగుతుంది.

షట్టర్‌సుబ్బు
స్టార్ ట్రాకర్ (చుక్కల పరుగుతో పాటు కెమెరాని మెల్లగా తిప్పే పరికరం) కొంటే ఈ లెక్కలన్నీ పోతాయా?

లుబ్ధకం
ఈ లెక్కలు పోయి వేరే లెక్కలు వస్తాయి. ట్రాకర్ మీద 35 ఎంఎం ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 800, 2 నిమిషాలు హాయిగా తీయొచ్చు. చలికాలపు పాలపుంతకి అది కావాలి కూడా. ఎండాకాలంలో కనిపించే నడిమి భాగం కాదిది, గెలాక్సీ బయటివైపు చూస్తున్నాం. ఓరియన్‌కీ మిథునానికీ మధ్యగా, బ్రహ్మహృదయం నక్షత్రం పక్కనుంచి పోయే పలుచటి పొగలా ఉంటుంది. 12 సెకన్లకి కంటికి ఆనదు.

కానీ అక్షాన్ని ధ్రువానికి కుదర్చాలి. ధ్రువనక్షత్రం అసలు ధ్రువం నుంచి ముప్పావు డిగ్రీకి కొంచెం తక్కువ దూరంలో ఉంది. వైడ్ లెన్సుకి దాన్నే ధ్రువం అనుకున్నా నడుస్తుంది, 85 ఎంఎం దాటితే యాప్ చూసి దాని చోట పెట్టాలి. ట్రైపాడ్ కుంగితే మాత్రం చేసిందంతా వృథా, @ముక్కాలిపీట చెప్పిన బిళ్లలు ఇక్కడ రెండింతలు అవసరం.

కృత్తిక_6
ట్రాకర్ కొన్నాక "బార్నార్డ్ లూప్ (ఓరియన్‌లో విల్లులా వంగిన వాయుమేఘం) ఎర్రగా రావట్లేదు" అని ఇంకో చర్చ మొదలుపెడతారు, ఇప్పుడే చెప్పేస్తున్నా. అది హైడ్రోజన్ ఆల్ఫా, అంటే హైడ్రోజన్ వాయువు వదిలే ఎర్రటి వెలుగు, 656.3 నానోమీటర్లు. మామూలు కెమెరా సెన్సరు ముందున్న ఫిల్టరు ఆ ఎరుపులో పావు వంతో ఎంతో వదులుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు పెంచితే ఇసుక ఎర్రబడుతుంది, లూప్ కాదు. ఆ ఫిల్టరు మార్పించుకోవాలి, లేదా పేర్చే ఫ్రేములు బాగా పెంచాలి.

ఇసుకతిన్నె
ఇంకోటి అడగనా? కొన్ని ఫ్రేముల్లో ఆకాశం కింది సగం ఆకుపచ్చగా, చారలు చారలుగా వస్తోంది. వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్. టింట్ గులాబీ వైపు లాగితే ఇసుక పాడవుతోంది.

అమావాస్య
లాగకండి, అది ఎయిర్‌గ్లో. సుమారు 95, 100 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ పరమాణువులు వదిలే 557.7 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగు. ఊళ్ల దీపాలున్న చోట మునిగిపోతుంది, మీ దగ్గర చీకటి బాగుంది కాబట్టి దొరికింది. పది నిమిషాల తేడాతో తీసిన రెండు ఫ్రేములు చూడండి, చారలు జరిగి ఉంటాయి. వైట్ బ్యాలెన్స్ తప్పైతే జరగవు.

రాత్రిపక్షి
క్షితిజం దగ్గర నారింజ రంగు మాత్రం ఎయిర్‌గ్లో కాదు, దూరపు ఊరి వెలుగు. పాత సోడియం దీపాలైతే వాటి పసుపుని (589 దగ్గర) కోసే ఫిల్టర్లు కొంత పనిచేసేవి. ఎల్‌ఈడీలకి అవి దండగ, ఆ వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది. ఊరు వెనక్కి పడేలా చోటు మార్చుకోవడమే.

దిబ్బదిగువ
గాలిదుమారం లేచిన మరుసటి రాత్రి కూడా క్షితిజం గోధుమరంగుగా ఉంటుంది. సన్న ధూళి ఒకటి రెండు రోజులు పైనే ఉంటుంది. 10 డిగ్రీల ఎత్తున చూస్తే నడినెత్తి కన్నా అయిదు రెట్లకి పైగా గాలి పొర గుండా చూస్తున్నట్టు. అగస్త్య నక్షత్రం కోసం ఎదురుచూసేవాళ్లకి ఇదే దెబ్బ: 27 డిగ్రీల అక్షాంశంలో అది ఎప్పటికీ 10 డిగ్రీలు దాటి పైకి రాదు. వాన పడి వెలిసిన రాత్రి వెళ్లండి. ఆ రాత్రి మంచూ ఎక్కువే, చెప్పలేదనొద్దు.

షట్టర్‌సుబ్బు
స్క్రీన్‌లో ధగధగలాడిన ఫొటో ఇంట్లో చూస్తే నల్లగా ఎందుకుంటుంది?

కృత్తిక_6
చీకటికి అలవాటుపడిన కళ్లకి స్క్రీను ఎప్పుడూ ఎక్కువ వెలుగే. స్క్రీను కాంతి బాగా తగ్గించండి, అప్పుడు కూడా స్క్రీన్ని నమ్మకండి. హిస్టోగ్రామ్ (ఫ్రేములో ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫు) కొండ ఎడమ గోడని వదిలి పావు దూరం రావాలి.

పాతలెన్సు
ఎవరైనా చుక్కల రంగు గురించి మాట్లాడండయ్యా. చలికాలపు ఆకాశంలో ఉన్న సొగసే అది. ఆర్ద్ర నారింజ, రైజెల్ నీలం, రోహిణి ఇటుక రంగు. ఫొటోల్లో అన్నీ తెల్లటి సున్నం చుక్కలే.

లుబ్ధకం
నడిమి పిక్సెళ్లు నిండిపోయి తెల్లబడతాయి, రంగు సమాచారం అక్కడ ఉండదు. మెత్తటి డిఫ్యూజన్ ఫిల్టరు వేస్తే పెద్ద చుక్క వెలుగు చుట్టూ పరుచుకుని, నిండని ఆ అంచుల్లో రంగు నిలుస్తుంది. ఓరియన్ ఆకారం కూడా కంటికి కనిపించినట్టు వస్తుంది. అన్ని ఫ్రేములకీ వేయొద్దు, సన్న చుక్కలు పోతాయి. పది ఫ్రేములు లేకుండా, నాలుగు ఫిల్టరుతో తీసి తర్వాత కలుపుకోవడం బాగుంటుంది. నేల ఫ్రేముకి అస్సలు వద్దు, దిబ్బ అంచు కరిగిపోతుంది.

ఇసుకతిన్నె
పట్టీ ఆర్డరు పెట్టేశా. డిసెంబరు 14 జెమినిడ్స్ ఉల్కాపాతానికి చేరిపోతుందట. దానికి వేరే సెట్టింగా?

అమావాస్య
లెన్సు అదే, ఎఫ్ 2, ఐఎస్‌ఓ 3200–6400, 15 సెకన్లు, ఆపకుండా వరుసగా. ఉల్క కోసం గీతల లెక్క కాస్త సడలించొచ్చు. ఉల్కలన్నీ ఒకే చోటు నుంచి వచ్చినట్టు కనిపించే కేంద్రం మిథునంలోని కాస్టర్ చుక్క పక్కనే ఉంటుంది, నేరుగా అక్కడికే గురిపెడితే పొట్టి గీతలు వస్తాయి. 40, 60 డిగ్రీలు పక్కకి తిప్పండి. రాత్రి రెండు గంటల ప్రాంతంలో కేంద్రం బాగా ఎత్తున ఉంటుంది, అప్పుడు ఎక్కువ దొరుకుతాయి. కార్డు ఖాళీ, బ్యాటరీ చూసుకోండి, మిగతాది అదృష్టం.

దిబ్బదిగువ
నలుగురు కలిసి వెళ్తుంటే ఒక్క మాట. పొద్దుండగానే ఫ్రేము చూసుకుని, దిబ్బకి వెనక నుంచి ఎక్కండి. చంద్రుడి పక్క వెలుగులో ఒక్క అడుగుజాడ కూడా దాగదు. నుదుటి దీపాలు ఎరుపులో పెట్టినా లెన్సు వైపు తిప్పితే నాలుగు నిమిషాల ఫ్రేము పోతుంది. కారు ఉన్న చోటుని ఫోన్లో గుర్తుపెట్టి, మ్యాపు ముందే దించుకోండి. రాత్రి ఒక దిబ్బకీ ఇంకో దిబ్బకీ తేడా తెలియదు.

రాత్రిపక్షి
తిరిగొచ్చాక చల్లటి కెమెరాని వెచ్చటి గదిలో బయటికి తీయొద్దు. బయట చలిలోనే సంచిలో పెట్టి, ప్లాస్టిక్ కవరులో గాలి లేకుండా మూసి, గంటా రెండు గంటలు వదిలేయండి. నీరు కవరు బయట పడుతుంది. కార్డు ముందే తీసి జేబులో వేసుకుంటే ఆ రెండు గంటలూ ఆత్రం ఉండదు.

షట్టర్‌సుబ్బు
ఇసుక పోవడానికి డబ్బా గాలి కొట్టొచ్చా?

ముక్కాలిపీట
కెమెరాకి వద్దు, ఆ వేగానికి ఇసుక సందుల్లోకి ఇంకా లోపలికి పోతుంది. ముందు మెత్తటి బ్రష్, తర్వాత చేత్తో నొక్కే రబ్బరు బ్లోయరు, మౌంటు కిందికి ఉండేలా పట్టుకుని. ట్రైపాడ్ కాళ్లు మాత్రం విప్పి మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. మరలకి కొత్త గ్రీజు పలుచగా. దట్టంగా రాస్తే వచ్చేసారి ఇసుకంతా దానికే అంటుకుంటుంది.